పర్లాకిమిడి పంతులుగారి వెనుక ఉన్న మనుషులు

ఏటా ఆగస్టు 29వ తేదీ వచ్చేసరికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటానికి దండలు పడతాయి. పాఠశాలలలో పిల్లలచేత ఉపన్యాసాలు చెప్పిస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేనూ చెప్పించాను. ఆ ఉపన్యాసాలన్నిటిలోనూ పంతులుగారు ఒంటరి వీరులు. పండితలోకమంతా ఒకవైపు, ఆయన ఒక్కరూ మరొకవైపు. పట్టుదల మాటకు వస్తే అది నిజమే. కాని అంత పట్టుదలతో కాపాడుకొన్న ఆ అభిప్రాయం ఆయనకు ఎక్కడినుండి వచ్చిందని వెదుకుతూ పోతే, ఒక్క మనిషి బుద్ధి వెనుక ఎందరు మనుషులు నిలబడి ఉంటారో తెలుస్తుంది. బ్లాగుమిత్రులతో ఆ సంగతి కొంత ముచ్చటించాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు ఒక మాట. రామమూర్తి పంతులుగారు వృత్తిరీత్యా తెలుగు పండితులు కారు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టి, తండ్రి గతించిన పిమ్మట విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. చెప్పినది చరిత్ర. శ్రీముఖలింగం చేరువలోనే ఉండడంవల్ల శాసనాలమీద మనసుపోయి, పాత లిపులను స్వయంగా నేర్చుకొన్నారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. ఇంతవరకు వ్యాకరణం గొడవ ఆయన జీవితంలో ఎక్కడా కనబడదు.

పర్లాకిమిడిని ఆనుకొని కొండలున్నాయి. ఆ కొండలలో సవరలున్నారు. వారి మాట విని, అర్థం కాక, అర్థం చేసుకోవాలని పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట పెట్టుకొని అతని దగ్గర ఆ భాష నేర్చుకొన్నారు. ఊరి పెద్దలలో ఎందరో ఆ మాటను రోజూ విని ఊరుకొన్నవారే. అప్పటికి సవరభాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, కావ్యం లేదు. ఇది సాధువు, ఇది అసాధువు అని తీర్పు చెప్పే గ్రంథం అంతకన్నా లేదు. పలికేవాడి నోరే ప్రమాణం. పండిత శిక్షణ పొందిన నావంటివారికి ఈ స్థితి ఎంత విచిత్రంగా తోస్తుందో చెప్పలేను. మాకు సూత్రం ముందు, మాట తరువాత. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని వల్లించిన పిమ్మటనే మేము నోరు విప్పాలి. పంతులుగారికి ఆ ఇంటి అరుగుమీద మాట ముందు వచ్చింది, సూత్రాన్ని ఆయనే వెదుక్కోవలసివచ్చింది. వేరొకరి భాషను ఇలా ఏండ్ల తరబడి విన్న చెవి తన భాషను పాత పద్ధతిలో వినలేదని నా అభిప్రాయం. వ్యావహారికవాదానికి పునాది పడినది 1907లో అని పుస్తకాలు అంటాయి కాని, నన్నడిగితే ఆ సవర దగ్గరనే పడింది.

ఆ చదువుకు పంతులుగారు ఇచ్చుకొన్న మూల్యం తక్కువది కాదు. కొండలలో తిరిగి జ్వరాలు తెచ్చుకొని, క్వినైను వాడి వాడి వినికిడి పోగొట్టుకొన్నారని ఆయన చరిత్రకారులు చెబుతారు. జనం మాట వినండి అని జీవితమంతా వాదించినవారికి చెవుడు రావడం విధి వైపరీత్యం కాక మరేమిటి!

ఇక 1907. జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, తరగతిలో పండితుడు చెప్పే పుస్తకం తెలుగు మరొకటి. ఈ తేడా ఎందుకని ఆయన సందేహం. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి సమాధానం చెప్పగలవారు గురజాడ అప్పారావుగారైనా కావాలి, గిడుగువారైనా కావాలి అన్నారట. మనకు ఆ తేడా పుట్టుకతో వచ్చినది. ఇంట్లో ‘వచ్చాడు’ అనడం, కాగితంమీద ‘వచ్చెను’ అని వ్రాయడం, చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వెళ్ళినంత సహజంగా మనకు అలవడింది. ఆ గుమ్మం ఒకటి ఉన్నదని చెప్పడానికి బయటివాడు రావలసివచ్చింది.

ఆ ప్రశ్న అప్పారావుగారికి కొత్త కాదు. అంతకు పదేండ్ల ముందే, 1897లో, ‘కన్యాశుల్కం’ అచ్చయింది. ఆయనా రామమూర్తి పంతులుగారూ విజయనగరంలో సహాధ్యాయులు. ఒకరిది రచన, ఒకరిది శాస్త్రం. నాటకం వ్రాసి చూపినవాడు స్నేహితుడుగా ఉన్నప్పుడు, వాడుకభాషలో సాహిత్యం పుడుతుందా అన్న సందేహానికి తావెక్కడిది? మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో అప్పారావుగారు సమర్పించిన అసమ్మతి పత్రం ఈ స్నేహం పండించిన ఫలాలలో ఒకటి. మరుసటి ఏడాది నవంబరులో ఆయన పోయారు.

ఇప్పుడు ఎదుటి పక్షం. జయంతి రామయ్య పంతులుగారిని మన ఉపన్యాసాలలో ప్రతినాయకుణ్ణి చేసి వదిలేస్తాము. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును నెలకొల్పి గ్రాంథికానికి కోట కట్టినది ఆయనే. కాని ఆయనా శాసన పరిశోధకులే. యుద్ధమల్లుని బెజవాడ పద్యశాసనాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించినది ఆయనే. ఇద్దరూ పంతుళ్ళే, దాదాపు ఒకే వయసువారు, ఇద్దరూ పాత లిపి చదివినవారు, ఒకే పత్రికకు వ్రాసినవారు. అయినా ఒకరు ఎన్ని వందల ఏండ్లైనా చెడకుండా నిలబడవలసిన భాష కావాలన్నారు, మరొకరు ఎప్పటికప్పుడు మారుతూ వచ్చిన భాషను చూడమన్నారు. చదువులో భేదం కాదిది. ఒకరు పరిషత్తులో పండితులతోను, సంస్థానాధీశులతోను కూర్చున్నారు. మరొకరు సవరలతో, బడిపిల్లలతో, నాటకం వ్రాసే మిత్రునితో కూర్చున్నారు. స్వభావాలలో భేదం ఉండవచ్చు, కాదనను. కాని సహవాసానికి ఉన్న బలం ముందు అది చిన్నదే.

గ్రాంథికవాదులను మూర్ఖులని ఒక్క మాటతో కొట్టిపారేసే వ్యాసాలు చదివినప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. దానికి కారణం ఉంది. నేను ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివిన రోజులలో బాలవ్యాకరణం చెప్పిన గురువుగారు వ్యాసంలో ‘చేశాడు’ అన్న మాట కనబడితే కోపగించుకొనేవారు కారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకొని, ఆ కాగితం వంక జాలిగా చూసేవారు. తరగతి బయటికి వస్తే, “ఏమిరా, అన్నం తిన్నావా? మీ నాన్న ఉత్తరం రాశాడా?” అని అడిగేవారు. ఆ ‘రాశాడా’లో ఆయనకు తప్పేమీ వినిపించేది కాదు. ఆయన దగ్గర నేను నేర్చినది సూత్రాలు మాత్రమే కాదు, ఆ జాలిచూపు కూడా. ఈనాటికీ అచ్చులో ‘చెయ్యటం’ అని కనబడితే నా చేయి ఎర్రసిరా కలానికై కదులుతుంది. ఎందుకని అడిగితే సూత్రం ఒకటి చెప్పగలను. కాని చేయి కదిలేది సూత్రంవల్ల కాదు, ఆయనవల్ల. అటువంటి మనుషులు వందలమంది పరిషత్తు వెనుక ఉన్నారు. వారి గురువుల ముఖాలు వారి కండ్లముందు ఉన్నాయి. వారితో వాదించడమంటే ఆ ముఖాలతో వాదించడమే.

పంతులుగారు అలా వాదించవలసివచ్చింది గనుకనే ఆయన మారారు. ఈ సంగతిని ఎవరూ తగినంతగా గమనించలేదనుకుంటాను. చరిత్ర ఉపాధ్యాయుడైన మనిషిని వైయాకరణుణ్ణి చేసినది ఆయన మిత్రులు కారు, ప్రత్యర్థులు. మీకు వ్యాకరణం రాదు అన్నారు గనుక ఆయన వ్యాకరణాలన్నీ తిరగవేశారు. కావ్యాలు చదవలేదన్నారు గనుక కావ్యాలను మాటమాటగా జల్లించారు. ప్రాచీన కవులలోను, పాత వచనాలలోను, శాసనాలలోను ఉన్న ప్రయోగాలను ఏరి, సూత్రాలకు లొంగనివాటిని కుప్ప పోశారు. కొవ్వూరులో జరిగిన పండితుల సభలో, గ్రాంథికం కావాలన్నవారి రచనలలోనే గ్రాంథిక దోషాలను చూపి, ఆ భాషను నిర్దుష్టంగా వ్రాయగలవారు ఎవరని అడిగారు. 1933లో వచ్చిన ‘గద్యచింతామణి’ ఈ పోరులో పుట్టిన పాండిత్యమే. ప్రత్యర్థులు ఊరుకొని ఉంటే ఆయన ఆ పుస్తకాలు వ్రాసేవారా అని నాకు అనుమానం.

ఆయన మార్చిన మనుషుల పట్టిక పెద్దది. పర్లాకిమిడిలో ఆయన శిష్యులైన తాపీ ధర్మారావుగారు వాడుకభాషను పత్రికలకు ఎక్కించారు. కాని నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది కందుకూరి వీరేశలింగం పంతులుగారు. చిన్నయసూరి నీతిచంద్రికకు తరువాయిగా ‘విగ్రహం’ వ్రాసిన కలం ఆయనది. తెలుగు వచనానికి ఆయనే ఒక ప్రమాణం. అటువంటివారు డెబ్బయ్యేండ్ల వయసులో, 1919 ఫిబ్రవరి 28న, రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులుగా నిలిచారు. ఆ వయసులో, అంత పేరు వచ్చిన తరువాత, తన కన్న చిన్నవాడి మాట వినడం ఎంతమందికి సాధ్యం? మూడు నెలలు తిరగకుండా, మే 27న, ఆయన కన్నుమూశారు. 1924లో కాకినాడలో పరిషత్తే వాడుకభాషమీద తన నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ మరుసటి ఏడు తణుకు సభలో పంతులుగారు నాలుగు గంటలు మాట్లాడితే పండితులు కదలక కూర్చుని విన్నారట.

1936 ఏప్రిల్‌లో ఒడిషా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. అప్పటికి డెబ్బయి మూడవ ఏడు. సవరభాషను గురించిన గ్రంథం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయి ఉంది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. మరి రెండేండ్లకు, 1940 జనవరి 22న, ఆయన స్వర్గస్థులయ్యారు. తెలుగు కోసం అంత పోరాడిన మనిషి చివరి రోజులలో అచ్చువేయించిన ఆ పెద్ద పుస్తకంలో తలమాటలు తెలుగువి కావు. వాటిలో మొదటి మాటలను పర్లాకిమిడిలో ఆయన ఇంట కూర్చుని పలికి వినిపించిన సవర పేరును మన పాఠ్యపుస్తకాలలో నేనైతే ఎక్కడా చూడలేదు.