నెట్‌వర్క్ డ్రైవర్ ప్రమాణాలు: తొలినాటి ఆఫీసు కంప్యూటర్లు కలిసి పనిచేసిన తీరు

గుడియాత్తం నుండి పరదరామి మీదుగా చిత్తూరు వెళ్ళే దారి పొడవునా రెండు రాష్ట్రాల పల్లెలు కలవు. ఇరువైపులా భూమి ఉన్న కుటుంబానికి అప్పు కావలసివస్తే తమిళనాడు వైపు ‘విల్లంగం’, ఆంధ్ర వైపు ‘ఈ.సి.’ రెండూ తేవాలి. ఒకప్పుడు ఈ పత్రం కోసం గుమస్తా పాత రిజిస్టర్లన్నీ తిరగవేసేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో కంప్యూటర్ రిజిస్ట్రేషన్ మొదలైన తరువాత అది నిమిషాల పని అయింది. తమిళనాడులో 2018లో ‘స్టార్ 2.0’ విధానం వచ్చింది.

కిటికీ దగ్గరి కంప్యూటర్ లోపలి గదిలోని సర్వర్ నుండి వివరాలు తెచ్చుకోవాలంటే రెండింటికీ నడుమ నెట్‌వర్క్ ఉండాలి. అటువంటి ఆఫీసు నెట్‌వర్కులను సాధ్యం చేసినవి 1980లలో రూపుదిద్దుకున్న డ్రైవర్ ప్రమాణాలు.

డ్రైవర్ అంటే

కంప్యూటర్‌లో అమర్చిన నెట్‌వర్క్ కార్డుకు కేబుల్ తగులుతుంది. ఆ కార్డును నడిపే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. దానిపైన సమాచారాన్ని చేరవేసే నియమావళి, అనగా ప్రోటోకాల్, పనిచేస్తుంది. నోవెల్ సంస్థ నెట్‌వేర్‌కు ‘ఐపిఎక్స్’, ఇంటర్నెట్‌కు ‘టిసిపి/ఐపి’ ప్రోటోకాళ్ళు.

తొలినాళ్ళలో నెట్‌వేర్ వాడే కంప్యూటర్‌లో కార్డు డ్రైవర్‌ను, ఐపిఎక్స్‌ను కలిపి ఒకే ఫైలుగా తయారుచేసేవారు. కార్డు కాలిపోయి వేరొక రకం కార్డు వేస్తే ఆ ఫైలును మళ్ళీ తయారుచేయవలసి వచ్చేది. పది రకాల కార్డులు, నాలుగు ప్రోటోకాళ్ళు ఉంటే నలభై జతలకు నలభై ప్రోగ్రాములు కావాలి. నడుమ ఒక ఉమ్మడి ఒప్పందం ఉంటే పది డ్రైవర్లు, నాలుగు ప్రోటోకాళ్ళు, మొత్తం పద్నాలుగు చాలు. బల్బు హోల్డరు కొలత ఒక్కటైతే ఏ కంపెనీ బల్బయినా వెలిగినట్లే ఇది.

మూడు ఒప్పందాలు

చిక్కేమిటంటే, అటువంటి ఒప్పందాలు ఒకటికి మూడు పుట్టాయి.

ఎన్‌డిఐఎస్: మైక్రోసాఫ్ట్, త్రీకామ్ సంస్థలు కలిసి రూపొందించాయి. డాస్‌లో దీని అమరికలు ‘ప్రోటోకాల్.ఐఎన్‌ఐ’ అనే ఫైలులో ఉండేవి.

ఓడిఐ: నోవెల్, యాపిల్ సంస్థలది. ముందుగా ‘ఎల్‌ఎస్‌ఎల్’, తరువాత కార్డు డ్రైవర్, ఆపైన ‘ఐపిఎక్స్‌ఓడిఐ’ వరుసగా ఎక్కించాలి. వరుస తప్పితే పనిచేయదు. అమరికలు ‘నెట్.సిఎఫ్‌జి’ ఫైలులో ఉంటాయి.

ప్యాకెట్ డ్రైవర్: ఎఫ్‌టిపి సాఫ్ట్‌వేర్ అనే సంస్థ ప్రకటించిన సులభమైన పద్ధతి. డాస్‌లో టిసిపి/ఐపి వాడేవారు దీనిని ఎక్కువగా ఆశ్రయించారు.

ఒక ఒప్పందానికి రాసిన ప్రోటోకాల్ మరొకదానిపై నేరుగా నడవదు. అందుకని నడుమ దుబాసీల వంటి ప్రోగ్రాములు వచ్చాయి. ఓడిఐ డ్రైవర్‌పై ఎన్‌డిఐఎస్ ప్రోటోకాళ్ళు నడపడానికి ‘ఓడిఐఎన్‌ఎస్‌యుపి’, ప్యాకెట్ డ్రైవర్ ప్రోగ్రాములు నడపడానికి ‘ఓడిఐపికెటి’ వాడేవారు. అయితే డాస్ ప్రోగ్రాములకు దొరికే 640 కిలోబైట్ల జ్ఞాపకశక్తిలో ప్రతి దుబాసీ కొంత ఆక్రమించేది.

తరచు ఎదురైన చిక్కులు

అంతరాయ సంఖ్య: బాగా వాడుకలో ఉన్న ‘ఎన్‌ఇ2000’ రకం కార్డులు తరచుగా 3వ అంతరాయ సంఖ్యతో వచ్చేవి. రెండవ సీరియల్ పోర్టుదీ అదే సంఖ్య. అక్కడ మోడెం ఉంటే రెండూ ఘర్షణ పడేవి. కార్డు మీది సంఖ్య మార్చి, ఫైలులోనూ అదే రాయాలి.

ఫ్రేమ్ రకం: నెట్‌వేర్ 3.11 సహజంగా ‘802.3’ ఫ్రేమును, 3.12 నుండి ‘802.2’ను వాడాయి. సర్వర్ ఒకటి, కంప్యూటర్ మరొకటి వాడితే కార్డు, కేబుల్ బాగున్నా సర్వర్ కనబడదు. ‘నెట్.సిఎఫ్‌జి’లో ఒక పంక్తి సరిచేస్తే తీరిపోయేది.

కేబుల్: సన్నని కోయాక్సియల్ కేబుల్ ఒక వరుసకు 185 మీటర్లు, 30 కంప్యూటర్లు హద్దు. రెండు కొసలా 50 ఓముల టెర్మినేటర్ ఉండాలి. కంప్యూటర్లన్నీ ఒకేసారి ఆగితే ముందు కేబుల్‌ను, ఒక్కటే ఆగితే దాని కార్డును, డ్రైవర్‌ను చూడటం అనుభవజ్ఞుల పద్ధతి.

తరువాతి కథ

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టి 3.1, విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ 3.11లలో ఎన్‌డిఐఎస్ 3 చేరింది. విండోస్ వ్యాప్తితో అదే నిలిచింది. నేటి విండోస్‌లోనూ దాని కొత్త రూపాలే ఉన్నాయి. నెట్‌వేర్‌తోపాటు ఓడిఐ వెనుకబడింది. ప్యాకెట్ డ్రైవర్లను ఫ్రీడాస్ వాడేవారు నేటికీ వినియోగిస్తున్నారు.

యంత్రాలు కలిసినంత మాత్రాన కాగితాలు కలవవు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం ఉన్నందున గంగయ్య పేరు తమిళ పత్రం నుండి తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడు కంకయ్యగా మారవచ్చు. ఆఫీసులో డ్రైవర్ల నడుమ దుబాసీ ఉన్నది; ఇరు రాష్ట్రాల పత్రాల నడుమ ఆ పని కుటుంబమే చేసుకోవాలి. పేరు, తండ్రి పేరు, పాత, కొత్త సర్వే నంబర్లు రెండు పత్రాలలోనూ సరిపోలుతున్నాయో లేదో పత్రం చేతికి అందిన రోజునే చూసుకోవడం మేలు.