డచ్చి కాగితాల్లో ఖోర్ ఫక్కన్, మన బందరు

షార్జాలోని తెలుగు కుటుంబాలు సెలవు దొరికితే ఖోర్ ఫక్కన్ బయలుదేరతాయి. 2019లో కొత్త రహదారి పడ్డాక హజర్ కొండల సొరంగాల గుండా అక్కడికి చేరడం తేలికైంది. ఆ రేవు 1666లో ఎలా ఉండేదో మీర్‌కాట్ అనే డచ్చి ఓడ దినచర్య చెబుతుంది. ఖర్జూర మట్టలతో కట్టిన ఇళ్లు సుమారు 200. ఉత్తరాన పోర్చుగీసువారి ముక్కోణపు కోట శిథిలాలు. దక్షిణాన గుట్ట మీద పాడుబడ్డ ఇంకో కోట, అందులో సైనికులు లేరు, ఫిరంగులూ లేవు. లోయ నిండా ఖర్జూర తోటలు, పుచ్చపాదులు, చెట్ల కింద మంచినీటి బావులు.

బావీ ఫిరంగీ ఓడవాళ్లకు ప్రాణావసరాలు. అందుకే ఇలాంటి రాతల అసలు విలువ సముద్రం ఎరిగినవారికే త్వరగా అందుతుంది. నెదర్లాండ్స్‌లో యోహాన్ వార్న్‌సింక్ (1882-1943) అలాంటివాడే: నౌకాదళ అధికారిగా పనిచేసి, తర్వాత డచ్చి నౌకాచరిత్రకు ఆచార్యుడయ్యాడు.

గల్ఫ్‌లో పాత కాగితాల మీద అలాంటి శ్రద్ధ ఒక పాలకుడికి కలిగింది. షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ మొహమ్మద్ అల్ ఖాసిమీ పూర్వీకులైన ఖవాసిమ్‌లను ఆంగ్లేయులు సముద్రపు దొంగలన్నారు. ఆ పేరుతోనే 1819 డిసెంబరులో రస్ అల్ ఖైమా మీద దండెత్తారు. షేక్ సుల్తాన్ బొంబాయి దస్తావేజులు తిరగేసి, ఎక్సెటర్‌లో 1985లో డాక్టరేటు పొంది, మరుసటి ఏడు పుస్తకం వేశారు. దొంగతనం కథను ఈస్టిండియా కంపెనీ తన వర్తకం కోసం అల్లిందని వాదించారు. ఆ వాదన మొత్తాన్నీ చరిత్రకారులందరూ ఒప్పుకోలేదు. అయినా తనవాళ్ల మీది నిందకు కాగితాలతో జవాబు చెప్పడం నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది. డచ్చి దస్తావేజుల ఆధారంగా గల్ఫ్ అరబ్బుల చరిత్రను నెదర్లాండ్స్ పురాలేఖ నిపుణుడు బెన్ స్లాట్ 1993లో ప్రచురించారు.

ఇక మన సంగతి. డచ్చివారు మచిలీపట్నంలో దిగింది 1605లో. గోల్కొండ కాలంలో బందరు ఓడలు పారశీక రేవులకు అద్దకం బట్టలు మోసుకెళ్లేవి. బందరులో డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. వాళ్ల కంపెనీ దస్తావేజులను యునెస్కో 2003లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వాటిలో కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన ఉత్తరాలు, లెక్కలు కుప్పలుగా ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాలు ఏటా కొద్దిమంది చరిత్ర విద్యార్థులకైనా పాత డచ్చి లిపి, భాష నేర్పించి, ఆ దస్తావేజులున్న హేగ్‌కు పంపాలి.