మా తాత జోడేఘాట్‌లో లేడు



నేను హాస్టల్ వార్డెన్‌గా చేరిన కొత్తలో పిల్లలకు ఒక కథ చెప్పేదాన్ని. 1940లో జోడేఘాట్ గుట్టల మీద కుమ్రం భీం నిజాం పోలీసులతో పోరాడి అమరుడైనప్పుడు మా తాత ఆయన పక్కనే ఉన్నాడని. మా ఇంట్లో అందరం అదే నమ్మాం.

ఒక వేసవి సెలవుల్లో ఆ కథ వివరంగా రాసుకుందామని ఎనభై దాటిన మా పెద్ద మేనత్త దగ్గర కూర్చున్నాను. ఆమె నవ్వింది. "మీ తాత జోడేఘాట్‌ల యాడున్నడు? అంతకు ముందే జంగ్లాతోళ్లు మన గుడిసెలు తగలబెట్టిన్రు. నన్ను భుజం మీద కూసోబెట్టుకొని, జొన్నల మూట అమ్మ నెత్తిన పెట్టి, రెండు వాగులు దాటిచ్చిండు" అంది.

రెండు రోజులు మనసు బాగోలేదు. పిల్లలకు అబద్ధం చెప్పానే అనిపించింది.

తర్వాత మా ఇంటి పెట్టెలో ఉర్దూ కాగితం ఒకటి దొరికింది. రిటైరైన ఉర్దూ సారుతో చదివించాను. అది లావుణి పట్టా, ఫసలీ 1355. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1945. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీస్తే అందులోనూ తాత పేరుంది, కానీ అక్షరాలు మారాయి. ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు మన పేర్లు ఇలా చాలా చెడిపోయాయి. అత్త చెప్పింది, కాగితం చెప్పింది సరిపోయాయి. ఈ ఊరు మాకు అనాదిగా ఉన్న ఊరు కాదు, తరిమితే వచ్చిన ఊరు.

ఇక్కడే అసలు విషయం తెలిసింది. రిజర్వు ఫారెస్టు పేరుతో గోండు, కోలాం గూడేలను ఖాళీ చేయించారు. ఆ బాధలోంచే భీం పోరు పుట్టింది. జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వం కారణాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి మన బతుకు రాశాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఆ తర్వాతే మనవాళ్లకు పట్టాలు వచ్చాయి. మా తాత జోడేఘాట్‌లో లేడు. కానీ ఆయన దున్నిన చేను జోడేఘాట్ ఇచ్చిందే.

ఇప్పుడు హాస్టల్‌లో ఈ కథే చెబుతున్నాను. మొదటిసారి చెప్పినప్పుడు "మేడం, మా ఇల్లు కూడా వేరే ఊరి నుంచే వచ్చింది" అని ఆరుగురు చేతులెత్తారు.

ఒక్కటి మాత్రం పోగొట్టుకున్నాను. మా గోత్రం కథను కిక్రి వాయిస్తూ చెప్పే ప్రధాన్ పెద్దాయన ఉండేవాడు. పేర్సాపేన్ పూజ నాడు తెల్లవార్లూ చెప్పేవాడు. వచ్చే ఏడు రికార్డు చేద్దాంలే అనుకున్నాను. ఆ ఏడు ఆయన లేడు. కొడుక్కి సగమే వచ్చు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దండారికి ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్ పట్టుకుని పెద్దల దగ్గర కూర్చోండి. "ఏ సంవత్సరం?" అని అడిగితే వాళ్లకు గుర్తుండదు. "భీం పోయినప్పుడు నువ్వెంత ఉన్నావ్? పోలీసు చర్యప్పుడు ఏ ఊళ్లో ఉన్నాం? ఇంద్రవెల్లి కాల్పుల నాటికి నాన్న పుట్టాడా?" అని అడగండి. 1940, 1948, 1981 వాటంతట అవే దొరుకుతాయి. సగ, గోత్రం, పేన్ ఉన్న చోటు రాసుకోండి. అమ్మమ్మ, నానమ్మల పుట్టిన ఊళ్లు వదిలేయకండి. కేస్లాపూర్‌లో మెస్రం వాళ్లు కొత్త కోడళ్లను నాగోబాకు భేటీ చేయిస్తారు కదా, కోడలు లేకుండా వంశం కథ లేదు. పాత కాగితాలను ఫోటో తీసి పెట్టుకోండి.

విన్నది మీ ఇంటి గొప్పకు సరిపోకపోయినా దిద్దకండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. భయపడి పారిపోయిన తాత కూడా తాతే. ఆయన పిల్లను భుజాన మోసుకుని వాగు దాటాడు కాబట్టే మనం ఉన్నాం.