మాచల్దేవి చిత్రశాలయు, జనగామ ప్రాంతపు పటకథలును

మధ్యయుగపు చివరి దశలో తెలుగుదేశపు చిత్రకారులు ఎట్టి చిత్రములు వ్రాసిరి, ప్రజలు వానిని ఎట్లు చూచిరి అను ప్రశ్నకు సమాధానము వెదకబోయిన వారికి చిత్రములు అరుదుగాను, పద్యములు సమృద్ధిగాను లభించును. ఈ కారణముచేత చిత్రకళా చరిత్రకారులు ఆ కాలమును రెండు మూడు వాక్యములలో ముగించుచున్నారు. సాహిత్య విమర్శకులు ఆ పద్యములను వర్ణనములుగా మాత్రమే భావించి విడిచిపెట్టుచున్నారు. ఇరువురును విడిచిన చోటనే మా పరిశీలన ఆరంభమగుచున్నది.

తెలుగు కావ్యములలో ఒక చిత్రశాలా సందర్శనము క్రీడాభిరామమున కలదు. ఈ వీథీరూపకమునకు వినుకొండ వల్లభరాయడు కర్త. శ్రీనాథుడే కర్త యను వాదమును కలదు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. గోవింద మంచనశర్మయు, అతని మిత్రుడు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో ఒక దినమంతయు తిరుగుచు, కనబడిన ప్రతి వింతను ముచ్చటించుకొందురు. ఆ క్రమములో, ప్రతాపరుద్రుని ఆదరమునకు పాత్రురాలైన మాచల్దేవి తన చిత్రశాలా ప్రవేశము జరుపుకొను సన్నివేశము వచ్చును. అందలి చిత్రములు దారుకావనమున శివుని విహారము, గోపికలతో శ్రీకృష్ణుడు, అహల్యయు ఇంద్రుడును, తారయు చంద్రుడును, మేనకయు విశ్వామిత్రుడును మొదలైనవి.

ఈ పట్టికను జాగ్రత్తగా పరిశీలింపవలెను. ఇవన్నియు దేవతలును, ఋషులును వలపునకు లోబడిన కథలు. ఒక వారాంగన తన గృహమునకు వీనినే ఎన్నుకొనుటలో చమత్కారమును కలదు, ఆత్మసమర్థనమును కలదు. కావున ఇది తోచిన చిత్రములను గోడలకెక్కించిన అలంకారము గాదు. ఒక అభిప్రాయముతో కూర్చిన ప్రదర్శనము. అంతకంటె ముఖ్యమైన విషయము మరొకటి కలదు. కవి ఆ చిత్రములను వర్ణముచేత గాని, రేఖచేత గాని గుర్తింపక, కథచేత గుర్తించినాడు. నాటి ప్రేక్షకునికి చిత్రమును చూచుట యనగా అందలి కథను ఎరుగుట. ఇద్దరు మిత్రులు కలిసి చూచుట, ఒకడు చెప్పగా మరొకడు వినుట, ఆ చూచుటలో భాగములు.

ఈ సాక్ష్యమునకు గల పరిమితులను మరువరాదు. ప్రతాపరుద్రుని పరిపాలనము 1323లో ముగిసినది. క్రీడాభిరామము 14వ శతాబ్ది చివరనో, 15వ శతాబ్ది మొదటనో పుట్టినది. కనుక వల్లభరాయడు ఆ చిత్రశాలను కన్నులార చూచి వ్రాసెనని చెప్పజాలము. అటులే, ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము ఓరుగంటిలో చిత్తరువులు వ్రాయువారి ఇండ్లు 1500 ఉండెనని చెప్పుచున్నది. గతించిన రాజధాని వైభవమును తలచుకొని తరువాతి కాలమువాడు చెప్పిన ఈ సంఖ్యను జనగణనముగా గ్రహింపరాదు. అయినను ఈ రెండు గ్రంథములవలన ఒక సంగతి స్థిరపడుచున్నది: చిత్రరచన ప్రత్యేక వృత్తిగా ఉండెననియు, చిత్రములను చూడబోవుట నాగరక జీవితములో ఒక వేడుకగా ఉండెననియు తెలుగువారు తలంచుచుండిరి.

ఇంత చెప్పిన కవి చిత్రకారుని పేరు మాత్రము చెప్పలేదు. ఇది వల్లభరాయని లోపము గాదు. ఆ యుగపు ఆచారము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు శాసనము చెరువు త్రవ్వించిన మైలమను, ఆమె పుట్టిన కాకతీయ వంశక్రమమును మనకు తెలిపినది. గట్టు పోసిన వారిని తెలుపలేదు. భూపాలపల్లి జిల్లా గణపురములోని కోటగుళ్ళను చూచినప్పుడును చెక్కినవారి పేర్లు వినబడవు. 2019 వరకు ఆ జిల్లాలోనే ఉండి, నేడు ములుగు జిల్లాకు చెందిన పాలంపేట ఆలయమును 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినట్లు శాసనము కలదు. కాని ప్రజలు దానిని రామప్పగుడి యనుచు, రామప్ప శిల్పి పేరని చెప్పుకొనుచున్నారు. శాసనము మరచిన శిల్పిని జనశ్రుతియైన తలచినది. చిత్రకారునికి ఆ భాగ్యమును కలుగలేదు.

ఇంచుమించు శ్రీనాథుని కాలముననే ఐరోపాలో, 1432 సంవత్సరముతో, గెంట్ నగరపు ప్రసిద్ధ పూజాచిత్రము చట్రముపై హూబర్ట్, యాన్ వాన్ ఐక్ సోదరుల పేర్లు కలవు. 2020లో అదే నగరమున యాన్ వాన్ ఐక్ చిత్రముల మహాప్రదర్శనము ఏర్పాటైనది. మహమ్మారివలన నడుమనే మూతపడినది. పేరును, చిత్రమును రెండును నిలిచినందున ఐదారు శతాబ్దుల తరువాత అట్టి ప్రదర్శనము సాధ్యమైనది. మన చిత్రకారునికి పేరు లేదు, చిత్రము లేదు. చూచినవారి మాట మాత్రము మిగిలినది.

చిత్రములు నిలువకపోవుటకు యుద్ధములు, శైథిల్యము కారణములని సాధారణముగా చెప్పుదురు. అది కొంత నిజము. సూర్యాపేట సమీపమున పిల్లలమఱ్ఱి ఆలయములో కాకతీయుల నాటి వర్ణచిత్రముల అవశేషములు మాత్రమే కలవు. అయితే గుడ్డపై వ్రాసిన పటముల విషయమున మరొక కారణము కలదు. దానిని గ్రహించుటకు జనగామ ప్రాంతపు పటకథా సంప్రదాయమును చూడవలెను.

చేర్యాల ఒకప్పుడు జనగామ తాలూకాలోనిది; 2016 నాటి జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరినది. అచ్చటి నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రని నేలపై కథను వరుసలుగా వ్రాయుదురు. పటము వెడల్పు రమారమి మూడడుగులు. పొడవు ముప్పది అడుగులకు మించుటయు కలదు. పటమును వ్రాయువాడు నకాషీ, చెప్పువాడు కథకుడు, పోషించునది ఒక కులము. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును చెప్పుదురు. పటము జీర్ణించినచో దానిని నీట విడిచి, క్రొత్తది వ్రాయించుకొనుట ఆచారము. తెలంగాణపు పటములలో 17వ శతాబ్దికి చెందినవి కొన్ని లభించుచున్నవి. అంతకు పూర్వపువి దొరకకపోవుటకు ఈ ఆచారము ఒక ముఖ్యకారణమని మా అభిప్రాయము. కథ నిలుచునన్న విశ్వాసముతో వారు పటమును విడిచిరి.

నేటి నకాషీలు మాచల్దేవి చిత్రకారుని వంశీయులని మేము చెప్పుట లేదు. నకాషీ యను మాటయే పారసీ అరబ్బీ సంపర్కమువలన వచ్చినది. ఆస్థాన నగరపు చిత్రశాల వేరు, గ్రామమున విప్పు పటము వేరు. అవిచ్ఛిన్నముగా కనబడునది చిత్రశైలి గాదు, చిత్రమును చూచు పద్ధతి. మాట తోడు లేని చిత్రము మన సంప్రదాయములో సగము చిత్రమే. క్రీడాభిరామమున పలనాటి వీరగాథను పాడు స్త్రీయు, చిత్రశాలను ముచ్చటించుకొను మిత్రులును ఒకే నగరమున కనబడుట యాదృచ్ఛికము గాదు.

ఈ సంగతి మాకు గ్రంథములవలన గాక మా పొరపాటువలన తెలిసినది. కొన్ని సంవత్సరముల క్రిందట జనగామ సమీపమున ఒక గ్రామములో మార్కండేయ పురాణ పటమును చూచితిమి. వృద్ధుడైన కథకుడు బెత్తముతో ఒక్కొక్క గడిని చూపుచు, గణపతి మొదలుకొని భావనాఋషి భద్రావతుల వివాహము వరకు రెండు రాత్రులు చెప్పినాడు. మేము చిత్రశైలిని పరిశీలింప వెళ్ళినవారము గనుక ప్రతి గడికిని ఛాయాచిత్రము తీసికొంటిమి. వర్ణములను, వస్త్రములను, ఆభరణములను వ్రాసికొంటిమి. కథను మాత్రము సారాంశముగా నాలుగు పుటలలో ముగించితిమి. తరువాత ఛాయాచిత్రములను వరుసగా పేర్చి చూడగా, ఒకే వేషముతో, ఒకే భంగిమతో ఉన్న పురుషుడు ఆరు గడులలో కనబడినాడు. అతడు అన్నింటను ఒక్కడేనా, ఏ గడి ముందు, ఏది వెనుక అనునది మా పుటలలో లేదు. మరల ఆ గ్రామమునకు వెళ్ళునప్పటికి కథకుడు గతించినాడు. అతని కుమారుడు పటమును భక్తితో విప్పి చూపినాడు. నాలుగు గడులకు కథ చెప్పినాడు. తక్కిన రెండింటి యొద్ద బెత్తమును ఆపి, "ఇది నాయనకే తెలుసు సార్" అన్నాడు.

సంగ్రహాలయములలో పటములను భద్రపరచుట మేలైన కార్యము. కాని అద్దము వెనుక రెండు మూడు వరుసలు విప్పి, క్రింద కాలమును, కొలతను వ్రాసిన పటమును చూచినవారికి ఆ పటము పూర్తిగా కనబడినట్లు గాదు. వస్తువును రక్షించుట సంగ్రహాలయముల పని. పాఠమును రక్షించుట తెలుగు శాఖల పని. తాళపత్ర ప్రతులను పోల్చి, పాఠాంతరములను గుర్తించి, కావ్యములను పరిష్కరించు విద్య మనకు కలదు. అదే శ్రద్ధతో ఒక్కొక్క పటమునకు కథకుని నోటి పాఠమును గడి గడికి యథాతథముగా వ్రాసి, అతని పేరును, వ్రాసిన నకాషీ పేరును ముందు పుటలో చేర్చినచో, ఓరుగల్లు చిత్రకారునికి జరిగినది వీరికి జరుగదు.

పాలకుర్తి సోమనాథుడును, బమ్మెర పోతనయు పుట్టినవని చెప్పు గ్రామములు జనగామ జిల్లాలోనే కలవు. వారి కావ్యములపై పరిశోధన సాగుచునే యుండును; ఆ గ్రంథములు మనకొరకు వేచియుండగలవు. పటకథకులు వేచియుండలేరు. ఆ ప్రాంతమునకు వెళ్ళు పరిశోధక విద్యార్థులు ముందుగా కథను వినవలెననియు, ఛాయాచిత్రములు తరువాత తీసికొనవచ్చుననియు మా మనవి. మా యొద్ద ఆ రెండు గడుల ఛాయాచిత్రములు స్పష్టముగానే ఉన్నవి. వాని కథ నేటికిని మాకు తెలియదు.