అసహజ మరణం.. శవపరీక్షే సాక్ష్యం
పంచనామా మొదలు విసెరా నివేదిక వరకు ప్రతి కాగితమూ కీలకమే

సిద్దిపేట: ఉదయం పొలానికి వెళ్లిన మనిషి సాయంత్రానికి విగతజీవుడై కనిపిస్తాడు. రాజీవ్ రహదారిపై వాహనం ఢీకొని ఒకరు, బావిలో పడి మరొకరు, వివాహమైన కొన్నాళ్లకే అత్తవారింట ఇంకొకరు అర్ధాంతరంగా కన్నుమూస్తారు. ఇలాంటి వేళ ‘శవాన్ని కోయవద్దు, త్వరగా అప్పగించండి’ అని బంధువులు వేడుకోవడం సహజం. అయితే ఆ మరణం ఎలా సంభవించిందో చెప్పగలిగినది ఆ దేహమే. దోషికి శిక్ష పడాలన్నా, నిర్దోషిపై నింద తొలగాలన్నా, కుటుంబానికి పరిహారం అందాలన్నా శవపరీక్ష నివేదికే ప్రధాన ఆధారం.

శవపంచనామా
ఆత్మహత్య, హత్య, ప్రమాదం, అనుమానాస్పద మృతి.. ఏది జరిగినా సమాచారం అందగానే పోలీసులు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలిపి ఘటనాస్థలికి చేరుకోవాలి. స్థానికులైన ఇద్దరు లేదా అంతకు మించిన పెద్దమనుషుల సమక్షంలో గాయాలు, దేహస్థితి, పరిసరాలను నమోదు చేయాలి. గతంలో సీఆర్‌పీసీ 174వ సెక్షను కింద జరిగిన ఈ ప్రక్రియ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను కిందకు వచ్చింది. వివాహమైన ఏడేళ్లలోపు మహిళ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా మరణించినా చట్టం ప్రత్యేక శ్రద్ధ చూపుతుంది. పోలీసు కస్టడీలో మరణం సంభవిస్తే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి.

పంచనామాపై సంతకం చేసేవారు అందులో ఏమి రాశారో చదివించుకొని వినాలి. తొందరలో చేసిన సంతకం తర్వాత న్యాయస్థానంలో చిక్కులు తెచ్చిపెడుతుంది.

వైద్యుడు ఏమి చూస్తాడు?
గాయం బతికుండగా అయినదా, మరణానంతరం అయినదా అన్నది మొదటి ప్రశ్న. ప్రాణమున్నప్పుడు తగిలిన గాయంలో రక్తస్రావం, కణజాల స్పందన కనిపిస్తాయి. కాలిన దేహమైతే శ్వాసనాళంలో మసి ఉందేమో పరీక్షిస్తారు. మసి ఉంటే మంటలు అంటుకున్న సమయానికి ఆ వ్యక్తి శ్వాస తీసుకుంటున్నట్లు అర్థం. మెడపై గుర్తు ఏటవాలుగా ఉందా, అడ్డంగా చుట్టూ ఉందా అన్నది ఉరికీ, గొంతు బిగించడానికీ మధ్య తేడాను సూచిస్తుంది. నీటిలో దొరికిన దేహమైతే ఊపిరితిత్తుల స్థితిని చూస్తారు. డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాల కోసం ఎముక మజ్జను పరీక్షించడమూ ఉంది. దేహం బిగుసుకున్న తీరు, రక్తం కిందికి దిగి ఏర్పడిన మచ్చలు మరణ సమయాన్ని అంచనా వేయడానికి తోడ్పడతాయి. ఏ ఒక్క గుర్తూ తనంతట తాను తీర్పు కాదు. అన్నింటినీ కలిపి చూసిన తర్వాతే వైద్యుడు అభిప్రాయం చెబుతాడు.

విసెరా అంటే..
విషప్రయోగం అనుమానముంటే జీర్ణాశయం, అందులోని పదార్థం, చిన్నపేగు, కాలేయం, మూత్రపిండాల భాగాలను సేకరిస్తారు. వాటిని సాధారణంగా గాఢమైన ఉప్పు ద్రావణంలో భద్రపరచి, సీలు వేసి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. ఆ నివేదిక వచ్చేవరకు మరణ కారణంపై తుది అభిప్రాయం పెండింగులో ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. విసెరాలో విషం లేదని వచ్చినంత మాత్రాన విషం తీసుకోలేదని తేల్చలేం. కొన్ని రోజులు చికిత్స పొంది మరణించినవారిలో విషం శరీరం నుంచి వెళ్లిపోయి ఉండవచ్చు. అందుకే ఆసుపత్రి కేసుషీటు, కడుపు శుభ్రం చేసినప్పుడు తీసిన నమూనా, ఇంట్లో దొరికిన మందు డబ్బా ఎంతో ముఖ్యం. డబ్బాను పారవేయకుండా పోలీసులకు అప్పగించాలి.

రైతు కుటుంబానికి ఈ కాగితమే ఆధారం
ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం అందించేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 421వ నంబరు ఉత్తర్వు వెలువడింది. నాడు లక్షన్నర రూపాయలున్న సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2015లో 194వ నంబరు ఉత్తర్వుతో రూ.6 లక్షలకు పెంచింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడితో కూడిన త్రిసభ్య కమిటీ విచారణ జరపాలి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, శవపరీక్ష, ప్రయోగశాల నివేదికలు అడుగుతారు. వీటిలో ఒక్కటి లేకున్నా దస్త్రం కదలదు.

2018 ఆగస్టు 14న ప్రారంభమైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు ఏ కారణంతో మరణించినా రూ.5 లక్షలు చెల్లించేలా నిబంధన పెట్టారు. పట్టా లేని కౌలు రైతు అందులోకి రాడు. అతని కుటుంబానికి 194 ఉత్తర్వే దిక్కు, శవపరీక్ష నివేదికే ఆధారం. ఆ రోజు శవపరీక్ష వద్దన్న మాట తర్వాత ఆ ఇంటి దీపాన్నే ఆర్పుతుంది.

పరిశోధనతో ప్రాణరక్షణ
2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. ఈ అంకెల వెనుక ఏ వయసువారు, ఏ కాలంలో, ఏ మందుతో, ఏ మలుపులో మరణిస్తున్నారన్నది శవపరీక్షల రికార్డులను క్రోడీకరిస్తేనే తెలుస్తుంది. శ్రీలంకలో 1995 నాటికి లక్ష జనాభాకు 47 వరకు చేరిన ఆత్మహత్యల రేటు తర్వాతి రెండు దశాబ్దాల్లో దాదాపు 70 శాతం తగ్గింది. ప్రాణాంతక పురుగుమందులను గుర్తించి దశలవారీగా నిషేధించడమే ఇందుకు ప్రధాన కారణమని పరిశోధకులు తేల్చారు. 2018లో సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఫోరెన్సిక్ వైద్యం ఎంబీబీఎస్‌లో తప్పనిసరి పాఠ్యాంశం. అందువల్ల ఈ ప్రాంత మరణాలపై ఇలాంటి అధ్యయనాలకు ఇక్కడే అవకాశం ఏర్పడింది.

గుర్తుంచుకోవలసినవి
- అనుమానాస్పద మృతిలో పోలీసులకు చెప్పకుండా అంత్యక్రియలు చేయరాదు.
- మృతుని దుస్తులను ఉతకరాదు, ఘటనాస్థలిని కడగరాదు.
- మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి.
- వసతులున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాతా శవపరీక్షకు కేంద్రం 2021 నవంబరులో అనుమతించింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన దేహాల కేసులకు ఇది సాధారణంగా వర్తించదు.
- మనోవేదనలో ఉన్నవారు 14416 టెలిమానస్‌కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.