వినే స్త్రీలు, వినిపించే స్త్రీలు

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక ఏలూరు, నల్లజర్ల వైపు ఇళ్ళల్లోనూ వార్తలు చెవిన పడ్డాయి. చదువు రాని స్త్రీకి, చేతిలో పని వదలలేని స్త్రీకి పత్రిక కంటే రేడియో దగ్గరైంది. కానీ ఆమె శ్రోతగానే మిగిలింది. ఏది వార్తో, దాన్ని ఎంతసేపు చెప్పాలో ప్రభుత్వ స్టూడియోలోనే తేలేది.

స్త్రీలు చెప్పేది తీరిగ్గా వినడం వేరేచోట జరిగింది. స్త్రీశక్తి సంఘటన, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళ మాటలు టేపుల్లో రికార్డు చేసింది. 'మనకు తెలియని మన చరిత్ర' (1986) అలా వచ్చిందే. అయితే అచ్చయ్యాక ఆ గొంతులు చదవగలిగిన వాళ్ళకే చేరాయి.

2008 అక్టోబరు 15న జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూరులో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించి, తిండి గురించి తమ యాసలోనే మాట్లాడారు. 2006 నాటి కమ్యూనిటీ రేడియో నిబంధనలు మాత్రం వార్తల్ని నిషేధించాయి. విత్తనం దొరక్కపోవడం వార్త కాదా?

ఇప్పుడు ఫోనులో గంటలకొద్దీ కథనాలు వింటున్నాం. 2006లో కొల్లేరు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు ఏ ఇంట్లో పొయ్యి ఆరిందో అక్కడి స్త్రీలే చెప్పాలి. ఆ గంటసేపూ మైకు వాళ్ళ చేతిలో ఉండాలి.