హోసూరు సీమలో ఆడపిల్లల చదువు

ఉగాది పచ్చడి పంచుకొను ఈ పర్వదినమున హోసూరు, కృష్ణగిరి సీమల ముచ్చట యొకటి సోదరీ సోదరులకు విన్నవించుకొందుము. మనము బ్రతుకుదెరువుకై ఊళ్లు విడిచి వచ్చినవారము. అక్కడి తెలుగువారు తరతరములుగా ఆ నేలనే దున్నుకొనుచున్నారు. 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు ఆ సీమ మదరాసు వైపే నిలిచినది. సేలము జిల్లా నుండి 1965లో ధర్మపురికి, 2004లో క్రొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాకు మారినది.

ఆడపిల్లల చదువు తెలుగువారికి క్రొత్త మాట కాదు. వీరేశలింగము పంతులుగారు 1874లోనే ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిరి. దుర్గాబాయి దేశముఖ్‌గారు మదరాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి, 1958లో స్త్రీ విద్యపై నియమింపబడిన జాతీయ సంఘమునకు అధ్యక్షురాలైరి. అయినను ఆ వెలుగు మెట్టపొలముల పల్లెలకు చేరుటకు చాలకాలము పట్టినది.

అక్కడి తండ్రులు కఠినులని మేమనము. రాగులు, ఉలవలు వేసి వాన కొరకు ఎదురుచూచువారు. తల్లి కూలికి పోయిన ఇంట చంటివానిని ఎత్తుకొనుటకు, మేకలను తోలుటకు, బిందెడు నీళ్లు తెచ్చుటకు ఎవరో ఒకరు ఉండవలె గదా! ఆ ఒకరు పెద్దకూతురే. ఊరి బడి వరకు ఎట్లో పంపుదురు. పై తరగతులు పొరుగూరిలో ఉన్నచో దారి చూచి జంకుదురు, మాన్పింతురు. ఆ పిమ్మట ఇంటిలో సంబంధముల మాటలే.

ఈ లెక్క తెలిసినవారెవరో ప్రభుత్వములో ఉండిరి. కామరాజుగారు 1956లో బడులలో మధ్యాహ్న భోజనము పెట్టించిరి. 1989లో పేద ఆడపిల్ల పెండ్లికి 5,000 రూపాయల సాయము ప్రకటించుచు, పిల్ల ఎనిమిదవ తరగతి వరకు చదివి యుండవలెనని షరతు పెట్టిరి. పెండ్లి ఆశ చూపి చదివించుటయా అని మాకు మొదట నవ్వు వచ్చినది. కాని ఐదుతో ఆగవలసిన పిల్ల మరి మూడేండ్లు బడిలో నిలుచుటకు అదియు ఒక దారియే. 2022లో ఆ పథకమునే మార్చి, సర్కారు బడిలో ఆరు నుండి పన్నెండు వరకు చదివి కళాశాలలో చేరిన బాలికకు నెలకు వేయి రూపాయలు ఇయ్యసాగిరి. పెండ్లి సొమ్ము చదువు సొమ్మైనది!

ఇక భాష సంగతి. 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతి నుండి క్రమముగా నిర్బంధము చేసినది. పదవ తరగతి పరీక్షలో తమిళము వ్రాయుట నుండి మినహాయింపు కొరకు భాషాల్పసంఖ్యాకులు సుప్రీముకోర్టు వరకు పోయిరి. 2023లో ఆ యేటికి మినహాయింపు లభించినది. ఆ పోరాటము న్యాయమైనదే. ఇంట తెలుగు, బడిలో మరొక భాష అయినప్పుడు మొదట వెనుకబడునది ఇంటిపనితో అలసి వచ్చిన ఆడపిల్లయే. కాని పదవ తరగతి పరీక్ష వరకు చేరని పిల్ల కొరకు ఏ కోర్టులోను వాదము జరుగలేదు. తెలుగు కొరకు సభలు చేయు మనమును ఆ పిల్లను తలచినది తక్కువ.

2011 జనాభా లెక్కలలో కృష్ణగిరి జిల్లా పురుషులలో నూటికి సుమారు 79 మంది అక్షరాస్యులు. స్త్రీలలో 64 మంది. తక్కిన 36 మందికి తెలుగులో గాని, తమిళములో గాని, కన్నడములో గాని చదువను వ్రాయను రాదు.